దారి ఇచ్చుటయే ధర్మము



ధర్మమంటే ఏమిటని అడిగితే మనలో ప్రతి ఒక్కరి వద్దా ఏదో ఒక సమాధానం సిద్ధంగా ఉంటుంది. దానమని కొందరు, సత్యమని కొందరు, పూజాపునస్కారాలని కొందరు, తాతముత్తాతల నుండి వచ్చిన ఆచారమని మరికొందరు చెబుతారు. ఇవేవీ తప్పు కావు. అయితే ఇవన్నీ మనం తీరికగా, మన ఇంటిలోనో, మన గుడిలోనో, మనకు తెలిసినవారి నడుమ ఉన్నప్పుడు ఆచరించే ధర్మాలు. ముక్కూ మొగమూ తెలియని వేలమంది మధ్య, ఊపిరి సలపని ఇరుకులో, రైలు కదలబోతున్నదన్న ఆత్రంలో ఉన్న మనిషితో ధర్మం ఏమి చెబుతుంది? లేక అది కూడ చెప్పులవలె స్టేషను వాకిట విడిచి లోపలికి పోదగినదేనా? ఈ ప్రశ్నను ఈనాడు విచారించుకొందాము.

ఇది కేవలం వాదంకోసం వేసుకొన్న ప్రశ్న కాదు. 2025 జనవరి 13 నుండి ఫిబ్రవరి 26 వరకు ప్రయాగలో మహాకుంభమేళా జరిగింది. ఆ దినాలలో, ఫిబ్రవరి 15వ తేదీ శనివారం రాత్రి, త్రివేణీ సంగమ స్నానానికి బయలుదేరిన జనంతో న్యూఢిల్లీ రైల్వే స్టేషను క్రిక్కిరిసిపోయింది. 14, 15 ప్లాట్‌ఫారాల వైపు దిగే వంతెన మెట్లమీద తొక్కిసలాట జరిగి 18 మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో స్త్రీలే ఎక్కువమంది. పిల్లలు కూడ ఉన్నారు. పుణ్యస్నానం చేయాలని ఇల్లు వదలినవారు నదిని చూడకుండానే, రైలు ఎక్కకుండానే, మెట్లమీదనే అసువులు బాసినారు. 2013 ఫిబ్రవరి 10న, మౌని అమావాస్యనాడు, ఇటువంటి ఘోరమే అలహాబాదు స్టేషనులో జరిగింది. అక్కడ స్నానం ముగించుకొని ఇళ్ళకు మరలుతున్నవారిలో 30 మందికి మించి మరణించారు. 2017 సెప్టెంబరు 29 ఉదయం ముంబయిలోని ఎల్ఫిన్‌స్టన్ రోడ్ స్టేషను వంతెన మెట్లమీద 23 మంది మరణించారు. వారు యాత్రికులు కారు. రోజువారీ పనులకు పోయేవారు.

ఊరు వేరు, సంవత్సరం వేరు, జనం వేరు. మృత్యువు వచ్చిన దారి మాత్రం ఒక్కటే.

తోసినవాడు ఎవడు?

ఇటువంటి చోట మృత్యువు ఎట్లా వస్తుందో ముందుగా గ్రహించాలి. మనం దానిని తొక్కిసలాట అంటాము గనుక, క్రిందపడినవారిని పైవారు త్రొక్కడం వలననే ప్రాణాలు పోతాయని అనుకొంటాము. నిజానికి చాలమంది నిలుచున్నచోటనే మరణిస్తారు. జనసమూహాల నడకను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, ఒక చదరపు మీటరు చోటులో ఐదుగురిని మించి చేరితే ప్రమాదం పొంచి ఉంటుందనీ, ఆరుగురు ఏడుగురు చేరితే జనం మనుషులవలె గాక నీటివలె కదులుతారనీ చెబుతున్నారు. అప్పుడు ఎవరి కాలు వారి స్వాధీనంలో ఉండదు. ఒకచోట పుట్టిన కదలిక అలవలె దూరానికి ప్రాకుతుంది. నలువైపుల నుండి ఒత్తిడి పెరిగి రొమ్ము విప్పారడానికి చోటు చాలదు. ఊపిరి తీయలేక మనిషి మరణిస్తాడు.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఆ ఒత్తిడిని ఏ ఒక్కరూ కలిగించలేదు. వెనుక నిలిచినవాడు ముందువానిని కొద్దిగా నెట్టినాడు, అంతే. వాని వెనుకవాడు మరికొంచెము నెట్టినాడు. ఇట్లా వందమంది కొద్దికొద్దిగా నెట్టిన బలమంతా పోగై, ముందున ఉన్న ఒక ముసలితల్లి గుండెమీద పడింది. ఆమె కేక వెనుకవానికి వినబడదు, ఆమె మొగము వానికి కనబడదు. తరువాత ఎవరినడిగినా, “నేను నెట్టలేదు, వెనుకనుండి నెట్టినారు” అంటారు. ఆ మాటలో అబద్ధం లేదు. కర్త కనబడడు, కర్మ జరిగిపోయింది, ఫలం నిర్దోషులకు సంక్రమించింది.

ధర్మసూక్ష్మం ఇక్కడ ఉన్నది. కనబడే మనిషికి హాని చేయరాదని అందరికీ తెలుసు. ఎదుట ఒక వృద్ధురాలు నిలిచి ఉంటే ఆమెను క్రింద పడద్రోసి రైలు ఎక్కేవాడు మనలో ఉండడు. కాని నలభై మంది కవతల, కంటికి కనబడనిచోట, మన తోపు ఏమి చేస్తుందో ఆలోచించేవారు ఎందరు? నా పని నా చేయి దాటిన తరువాత ఎక్కడికి పోతుందని విచారించడమే ధర్మబుద్ధి. అది లేనప్పుడు మంచివారు వేయిమంది చేరినా వారి వలన కీడే జరుగవచ్చు.

నిలిపి ఉంచునది

ధర్మ శబ్దం ‘ధృ’ అనే ధాతువు నుండి పుట్టింది. ధరించుట, పట్టి నిలుపుట దాని అర్థం. మనలను మోసే భూమిని ధరణి అన్నా, ధరిత్రి అన్నా, దూలానికి క్రింద నిలిచే స్తంభాన్ని ఆధారమన్నా, అన్నింటిలో ఉన్నది ఆ ధాతువే. ప్రజలను పడిపోకుండ నిలిపి ఉంచుతుంది గనుకనే దానికి ధర్మమనే పేరు వచ్చిందని మహాభారతం కర్ణపర్వంలో శ్రీకృష్ణుడు అర్జునునికి బోధిస్తాడు.

ఈ అర్థాన్ని ఆ వంతెన మెట్లమీద నిలిచి మరల తలచుకొంటే ఒళ్ళు జలదరిస్తుంది. ధర్మమంటే మనిషి పడిపోకుండ నిలిపేది. అక్కడ మనుషులు పడిపోయారు. రాయి, సిమెంటు కలిపి కట్టిన మెట్లు నిలిచే ఉన్నాయి. మనిషిని మనిషి నిలుపుకొనే కట్టు సడలిపోయింది. ధర్మమనేది ఆకాశంలో ఉండే సిద్ధాంతం కాదు. ఇద్దరి నడుమ ఉండే జానెడు చోటు కూడ ధర్మమే. ఆ జానెడు చోటులోనే ఎదుటివాని ఊపిరి ఉన్నది.

దారి ఎవరిది?

మన పెద్దలు ఇరుకుదారిని గురించి ఆలోచించలేదని అనుకోరాదు. అరణ్యపర్వంలో అష్టావక్రుని కథ ఉన్నది. పసివాడైన అష్టావక్రుడు మేనమామ శ్వేతకేతునితో కలసి జనకమహారాజు చేసే యజ్ఞానికి పోతూ దారిలో రాజుకు ఎదురుపడ్డాడు. రాజు వస్తున్నాడు, తప్పుకోవలసి ఉన్నది. అప్పుడా బాలుడు, దారి ముందుగా గ్రుడ్డివానిది, చెవిటివానిది, స్త్రీది, కావడి మోసేవానిదని క్రమం చెప్పి, రాజు వంతు ఆ తరువాతనే వస్తుందనీ, వేదవిదుడు ఎదురైతే రాజు సైతం తప్పుకోవాలనీ పలికాడు. జనకుడు ఆగ్రహించలేదు, ఆ బాలునికి దారి విడిచినాడు. జనకుని గొప్పతనం ఆ తప్పుకొనడంలో ఉన్నది.

ఇది కథలోని చమత్కారం మాత్రమే కాదు. తెలుగుదేశంలో ఎన్నో కుటుంబాలవారు తమ సూత్రకారునిగా సంకల్పంలో స్మరించే ఆపస్తంబ మహర్షి, తన ధర్మసూత్రంలో ఇదే విషయాన్ని విధిగా చెప్పాడు. బండికి, బరువు మోసేవానికి, రోగికి, స్త్రీకి అందరూ దారి ఇవ్వాలని ఆయన శాసనం. ఎవరు ఎవరికంటె అధికులు అన్న లెక్కలతో నిండిన ఆ కాలంలో కూడ, ఈ నలుగురి విషయంలో ‘అందరూ’ అన్నాడు. కారణం స్పష్టమే. వీరు చప్పున ప్రక్కకు తొలగలేరు. తొలగగలిగినవాడు తొలగలేనివానికి చోటు ఇవ్వాలి. బలమున్నవాడికి బాధ్యత ఎక్కువ అన్న ధర్మం ఇంతకంటె తేటగా మరెక్కడా కనబడదు.

ఇప్పుడు న్యూఢిల్లీ మెట్ల వద్దకు మరల వద్దాము. ఆ దుర్ఘటనను గురించి రైల్వే శాఖ 2025 ఆగస్టులో పార్లమెంటుకు ఇచ్చిన సమాధానంలో, వంతెన మెట్లమీద ఒక ప్రయాణికుని తలమీది పెద్ద మూట జారిపడిందనీ, దానితో మనుషులు ఒకరిమీద ఒకరు పడ్డారనీ తెలిపింది. బరువు మోసేవానికి దారి ఇవ్వమని ఆపస్తంబుడు ఎందుకన్నాడో వేరే వ్యాఖ్యానం కావాలా? వాని నెత్తిమీద ఉన్నది వాని మూట మాత్రమే కాదు, వాని చుట్టూ ఉన్నవారి క్షేమం కూడ. అయితే ఈ ధర్మానికి రెండవ వైపు కూడ ఉన్నది. మోయగలిగినంతే తీసుకొనిపోవడం మోసేవాని ధర్మం. పదిమంది నడిచే మెట్లమీద సంసారమంతా మూటగట్టి నెత్తిన పెట్టుకొనడం యాత్ర కాదు. తీర్థయాత్రకు పోయేవాడు బరువు తగ్గించుకొని పోవాలని పెద్దలు అన్నది మనసును గురించే కాదు, మూటను గురించి కూడ.

దాటిపోలేకపోయిన భీముడు

భీమసేనుడు ద్రౌపది కోరిన సౌగంధిక పుష్పాలకోసం గంధమాదన పర్వతం మీద పోతూ ఉండగా, ఒక ముసలి వానరం దారికి అడ్డంగా పడుకొని ఉన్నది. అది హనుమంతుడని భీమునికి తెలియదు. “నేను లేవలేను, కావలసి వస్తే నన్ను దాటిపో” అన్నది ఆ వానరం. వాయుపుత్రుడు, పర్వతాలను పిండిచేయగలవాడు, తొందరలో ఉన్నాడు. ఒక్క అంగలో దాటవచ్చును. కాని ప్రతి దేహంలోనూ పరమాత్మ నిండి ఉన్నాడు గనుక నిన్ను దాటి అవమానించలేనని అన్నాడు.

కోపిష్ఠి అని మనం చెప్పుకొనే భీముడు, పేరూ ఊరూ తెలియని ఒక ముసలి కోతిని దాటడానికి వెనుకాడినాడు. మనం ప్రతి ఉదయం అందరిలోనూ నారాయణుడున్నాడని వల్లించి, సాయంత్రం జనరల్ బోగీ తలుపు దగ్గర ఎవరి పాదం త్రొక్కినామో తలవంచి చూడము. వేదాంతం పరీక్షకు నిలిచేది గురువుగారి ఎదుట కాదు, ఆ తలుపు దగ్గరనే.

రైలు పోతే ఎట్లా?

ఇక్కడ ఒక సందేహం రాక మానదు. “స్వామీ, మీరు చెప్పేది శాంతంగా కూర్చున్నవారికి బాగుంటుంది. రైలు రెండు నిమిషాలే ఆగుతుంది. చేతిలో పిల్లలు, ఎదుట జనం. అందరూ తోస్తూ ఉంటే నేనొక్కడినే నిలిచిపోతే నా కుటుంబం ప్లాట్‌ఫారం మీదనే ఉండిపోతుంది. ఆపత్కాలంలో నియమాలు సడలవచ్చునని ఆపద్ధర్మం చెప్పలేదా?” అని అడుగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. పేదవానికి ఒక రైలు తప్పితే ఒకరోజు కూలి పోతుంది. ఆ కష్టాన్ని తక్కువచేసి మాట్లాడరాదు.

ఆపద్ధర్మం ఉన్నమాట నిజమే. దాని హద్దును ఛాందోగ్యోపనిషత్తులోని ఉషస్తి చాక్రాయణుని కథ చూపిస్తుంది. కురుదేశంలో పంటలు పాడై కరవు వచ్చినప్పుడు ఆయన ఆకలికి తాళలేక, ఒక ఏనుగుల మావటివాడు తింటున్న గింజలను అడిగి తీసుకొని తిన్నాడు. అవి ఎంగిలి అయినా తిన్నాడు. ఆ తరువాత మావటివాడు నీరు కూడ ఇవ్వబోతే ఎంగిలి నీరు త్రాగనన్నాడు. గింజలు తినకుంటే బ్రతకలేను, నీరు నాకు వేరేచోట దొరుకుతుందని కారణం చెప్పాడు. ఆపద ఎంతవరకు ఉన్నదో సడలింపు అంతవరకే. పైగా ఆయన తన నియమాన్ని సడలించుకొన్నాడే గాని, మావటివాని నోటి కూడు లాగుకొనలేదు. అడిగి, ఇస్తే పుచ్చుకొన్నాడు. ఆపద్ధర్మం మన నిష్ఠను త్యాగం చేయడానికి అనుమతి ఇస్తుంది, ఇతరుల ప్రాణాన్ని త్యాగం చేయడానికి ఇవ్వదు. రైలు తప్పడం కష్టం. రైలు మరల వస్తుంది. ఆగిన ఊపిరి మరల రాదు. ఈ రెంటినీ ఒకే త్రాసులో పెట్టరాదు.

పాలకుల ధర్మం

ఇంతవరకు చెప్పినది ప్రయాణికుని ధర్మం. భారమంతా వానిమీదనే మోపి చేతులు దులుపుకొంటే అది అధర్మమే అవుతుంది. చీకటి మెట్లమీద చిక్కుకొన్న తల్లికి సహనం బోధించడం సులభం. మెట్లు వెడల్పు చేయడం పాలకుల పని. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజమార్గానికే గాక, గ్రామాలకు పోయే దారికి, శ్మశానానికి పోయే దారికి సైతం ఇంత వెడల్పు ఉండాలని కొలత నిర్ణయించాడు. ఎందరు నడుస్తారో లెక్కించి దారి కట్టడం రాజధర్మమని ఆనాడే తెలుసు.

2017 నాటి ముంబయి దుర్ఘటన తరువాత అక్కడ సైన్యం చేత కొత్త వంతెన కట్టించి, 2018 ఫిబ్రవరిలో ప్రారంభించారు. న్యూఢిల్లీ దుర్ఘటన తరువాత, 2025 మార్చిలో, రద్దీ ఎక్కువగా ఉండే 73 స్టేషన్ల వెలుపల ప్రయాణికులు వేచి ఉండేందుకు శాశ్వతమైన స్థలాలు ఏర్పరుస్తామనీ, 12 మీటర్లు, 6 మీటర్లు వెడల్పుగల వంతెనలకు కొత్త నమూనాలు సిద్ధం చేశామనీ రైల్వే శాఖ ప్రకటించింది. ఇవి మంచి పనులే. ఇల్లు కాలుతుండగా బావి త్రవ్వడం కంటె ముందే త్రవ్వి ఉంచడం మేలు. రాబోయే పండుగలకు ముందే ఈ పనులు అన్నిచోట్లా పూర్తికావాలని కోరడం కూడ పౌరుని ధర్మంలో భాగమే.

వాక్కుకు సంబంధించిన ధర్మం మరొకటి ఉన్నది. న్యూఢిల్లీలో ఆ రాత్రి ప్రయాగరాజ్ ఎక్స్‌ప్రెస్, ప్రయాగరాజ్ స్పెషల్ అని పేర్లు దగ్గరగా ఉండడంతో జనం తికమకపడ్డారని పోలీసులు తొలుత చెప్పారు. ముంబయిలో పూలు పడిపోయినాయని ఎవరో అన్న మాట, హిందీలో వంతెన పడిపోయిందన్నట్లు వినబడి జనం బెదిరిపోయారని అక్కడ ఉన్నవారు చెప్పినట్లు పత్రికలు వ్రాశాయి. కారణాలను తేల్చడం విచారణాధికారుల పని. మనం గ్రహించవలసినది, జనసమ్మర్దంలో మాట కూడ తోపు వంటిదే అని. ప్రకటన చేసేవారు తేటగా, ముందుగా, అందరికీ తెలిసే భాషలో చెప్పాలి. ప్లాట్‌ఫారాన్ని చివరి నిమిషంలో మార్చరాదు. వినేవారు నిర్ధారించుకొనకుండ “అదిగో, ఆ వైపట!” అని కేక వేయరాదు. సత్యవ్రతమంటే అబద్ధం చెప్పకపోవడమే కాదు, తెలియనిదాన్ని తెలిసినట్లు చెప్పకపోవడం కూడ.

మనం చేయవలసినది

ఈ విచారమంతా ఢిల్లీని, ముంబయిని గురించే అనుకొని ఊరకుందామా? 2015 జులై 14న గోదావరి పుష్కరాల తొలిరోజు ఉదయం రాజమహేంద్రవరం పుష్కరఘాట్ వద్ద 27 మంది మరణించిన సంగతి మన గుండెలలో ఇంకా పచ్చిగానే ఉన్నది. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించినప్పుడు వచ్చే ఆ పుష్కరాలు పన్నెండేళ్ళకు మరల వచ్చే సంవత్సరం 2027. ఆదిపుష్కరం పన్నెండు దినాలనీ, చివర అంత్యపుష్కరం మరి పన్నెండు దినాలనీ సంప్రదాయం చెబుతున్నది. అన్ని దినాలూ నది ఒక్కటే, నీరు ఒక్కటే. తొలి గంటలోనే మునిగి తీరాలని లక్షలమంది ఒకే మెట్లమీదకు, ఒకే రైలుకు ఉరకవలసిన పని లేదు.

కాబట్టి యాత్రకు పోయేవారు కొన్ని విషయాలను నియమంగా పెట్టుకొనవచ్చు. మూటలు తగ్గించుకొనండి. వేళకు చాల ముందుగా బయలుదేరండి. మెట్లమీద, వంతెనమీద ఆగి కూర్చొనకండి. జనం కదలనప్పుడు వెనుకనుండి నెట్టకండి. “ముందు ఆగిపోయింది, నెట్టవద్దు” అని వెనుకవారికి చెప్పి, ఆ మాట వారి వెనుకవారికి అందేలా చూడండి. వెనుకవానికి ముందువాని కష్టం తెలియకపోవడమే ప్రమాదానికి మూలం గనుక, ఒక్కొక్క మాట అక్కడ ఒక ప్రాణం. ఒకవేళ చిక్కుకొంటే రెండు చేతులు రొమ్ముకు ముందుగా మడచి ఊపిరికి చోటు నిలుపుకొనండి. జనప్రవాహానికి ఎదురు తిరుగక, ఐమూలగా అంచుకు జరగండి. చెప్పు పడినా, సంచి పడినా దానికోసం వంగకండి. ఎవరైనా క్రింద పడితే చుట్టూ ఉన్నవారు ఆగి, కేక వేసి, వారిని లేపండి. ఇవి సామాన్యమైన జాగ్రత్తలుగా కనబడవచ్చు. ఆ సమయంలో ఇవే అహింస, ఇవే సత్యం, ఇవే ఇంద్రియనిగ్రహం.

ధర్మరాజు మహాప్రస్థానంలో తమ్ములు, భార్య ఒక్కొక్కరే రాలిపోగా చివరకు ఒంటరిగా మిగిలాడు. వెంట వచ్చిన కుక్క ఒక్కటి ఉన్నది. ఇంద్రుడు రథం తెచ్చి ఎదుట నిలిపి ఎక్కమన్నాడు. అది స్వర్గానికి పోయే రథం; మరొకసారి వచ్చేది కాదు. నన్ను నమ్మి వచ్చినదాన్ని విడిచి ఎక్కనని ధర్మరాజు అన్నాడు. అప్పుడు ఆ కుక్కయే ధర్మదేవతగా దర్శనమిచ్చింది. స్వర్గరథమే ఆగింది ఆయనకోసం.

మన రైలు ఆగకపోవచ్చు. అయినా మన ప్రక్కన నిలిచిన మనిషి ఎవరో మనకు తెలియదు. తెలియని ఆ మనిషికి జానెడు చోటు విడిచినవాడు, నదిలో దిగకమునుపే ఒక తీర్థంలో స్నానం చేసినవాడవుతాడు. భగవంతుడు మనందరికీ అటువంటి బుద్ధిని, మన యాత్రలకు క్షేమాన్ని ప్రసాదించుగాక!

స్వస్తి.